ముసలి ఆటకు ఊపిరి

చదరంగం బల్ల అటకమీద ఇరవై ఏళ్లు పడి ఉన్నా దానికేమీ కాదు. దించి, దుమ్ము దులిపి, పోయిన బంటు స్థానంలో ఓ చింతగింజ పెట్టుకుంటే ఆట సిద్ధం. వామనగుంటలూ అంతే, అష్టాచెమ్మా అంతే. తాతముత్తాతల నాటివైనా వాటికి ముసలితనం రాదు. బల్లా మనదే, పావులూ మనవే, నియమాలు మన బుర్రలోనే ఉన్నాయి.

మీరు ఫోన్లలో, కంప్యూటర్లలో పదిమందితో కలిసి ఆడే ఆన్‌లైన్ ఆటల సంగతి అలా కాదర్రా. వాటిలో సగమే మన ఇంట్లో ఉంటుంది. బొమ్మలు గీసేది, చప్పుళ్లు వినిపించేది, మన వేలి కదలిక పట్టుకునేది మన దగ్గరుండే ప్రోగ్రాం. దాన్ని క్లయింట్ అంటారు. మిగతా సగం ఎక్కడో కంపెనీవాళ్ల కంప్యూటర్లో ఉంటుంది. అది సర్వర్. మీ వీరుడు ఎక్కడ నిలబడ్డాడు, సంచిలో ఎన్ని నాణేలున్నాయి, ఎదురుగా ఉన్న రాక్షసుడికి దెబ్బ తగిలిందా లేదా అన్నీ తేల్చేది సర్వరే. మన యంత్రం "కత్తి దూశాను" అని కబురు పంపుతుంది. సర్వర్ లెక్క చూసి "తగిలింది, వాడి ప్రాణంలో ఏడు పాయింట్లు తగ్గాయి" అని జవాబు చెబుతుంది. తీర్పు ఇంట్లోనే జరిగితే ఎవడికి వాడు తనవైపే తీర్పు చెప్పుకుంటాడు కదా, అందుకని ఈ ఏర్పాటు. మోసాన్ని ఆపడానికి మంచి ఏర్పాటే. కాకపోతే ఆ సర్వర్ ఆపేసిన రోజున మన దగ్గర మిగిలేది బొమ్మలూ చప్పుళ్లూ మాత్రమే.

2014లో యూబీసాఫ్ట్ కంపెనీ 'ది క్రూ' అని ఒక కార్ల ఆట తెచ్చింది. అమెరికా దేశాన్ని కుదించి చూపించే రోడ్ల మీద ఇష్టమొచ్చినంత దూరం కారు నడుపుకోవచ్చు. డబ్బుపెట్టి డిస్కు కొనుక్కుని మరీ ఆడారు జనం. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. ఆ తర్వాత ఎవరితోనూ పోటీ వద్దు, ఒంటరిగా కారు తోలుకుంటానన్నా కుదరలేదు. రాస్ స్కాట్ అనే యూట్యూబ్ వీడియోల ఆయన ఇది అన్యాయమని 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' పేరుతో ఉద్యమం లేవదీశాడు. యూరప్‌లో పౌరులు చట్టం కోసం పెట్టుకునే విన్నపం ఒకటుంది. దానికి పది లక్షల సంతకాలు కావాలి. 2025 జూలైలో ఈ ఉద్యమం పెట్టిన విన్నపానికి ఆ పది లక్షలూ దాటాయి. వాళ్లు సర్వర్లను కలకాలం నడపమని అడగడంలేదు. ఆపేటప్పుడు, కొన్నవాడు ఏదో విధంగా ఆడుకోగలిగేలా వదిలిపెట్టమంటున్నారు. నా మటుకు నాకు ఇది న్యాయమైన కోరికే.

సరే, సర్వర్ తిరుగుతూనే ఉందనుకోండి. అంతటితో ఆట బతికున్నట్టేనా? కాదు. కంపెనీ నెలనెలా కరెంటు బిల్లు కడుతూనే ఉన్నా, లోపలికి వచ్చిన మనిషికి ఇంకో మనిషి తారసపడకపోతే ఆ ఆట కొండెక్కినట్టే. బొమ్మలు మోటుగా ఉన్నాయని ఆటలు పోవు. ఏళ్లు మీదపడ్డాయనీ పోవు. ఆడేవాళ్లు ఒకరికొకరు దొరక్కుండా పోయినప్పుడు పోతాయి. ఇది చాదస్తం కొద్దీ చెబుతున్న మాట కాదు, లెక్కలో తేలే మాట. కాగితం, పెన్సిలు తీసుకోండి.

ఒక ఆటలో 100 మంది ఉన్నారు. ఇద్దరిద్దరు చొప్పున ఎన్ని జతలు కట్టొచ్చు? ఒక్కొక్కరికీ మిగతా 99 మంది ఉన్నారు, అంటే వందసార్లు 99, మొత్తం 9,900. రాముడు–సోముడు అన్నా సోముడు–రాముడు అన్నా ఒకటే జత కాబట్టి సగం చేయాలి. 4,950. ఇప్పుడు అందులో సగం మంది ఆట మానేశారనుకోండి. 50ని 49తో గుణించి సగం చేస్తే 1,225. జనం సగానికి తగ్గితే కలుసుకునే అవకాశాలు నాలుగో వంతుకు పడిపోయాయి! అవకాశం తగ్గిందని ఇంకొంతమంది మానేస్తారు. వాళ్లు మానేశారని మరికొంతమంది. తగ్గుదలే తగ్గుదలకు కారణమవుతుంది. అందుకే ఆన్‌లైన్ ఆటలు మెల్లగా ఏళ్ల తరబడి నీరసించి, తర్వాత కొద్ది నెలల్లోనే ఉన్నట్టుండి నిర్మానుష్యమైపోతాయి.

ఇంకో లెక్క. ఈసారి ఆటలో 48 మందే మిగిలారు. ఒక్కొక్కరు రోజుకు ఒక గంట ఆడతారు. ఎవరికి తోచిన గంటలో వాళ్లు వస్తే, ఎప్పుడు చూసినా లోపల సగటున ఇద్దరే ఉంటారు. నలుగురు కలిస్తేగాని మొదలుకాని ఆటైతే గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవడమే. అదే 48 మంది "రాత్రి తొమ్మిదింటికి అందరం వద్దాం" అని మాట అనుకుంటే? నలుగురేసి పన్నెండు జట్లు! కొత్తగా ఒక్కరూ చేరలేదు, కంపెనీ పైసా ఖర్చుపెట్టలేదు. చచ్చిన ఆట లేచి కూర్చుంది.

మన పల్లెల్లో వారపు సంత పెట్టుకోవడం వెనక ఉన్న తెలివి ఇదే. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు రోజుకు పదిమంది చొప్పున వస్తే కూరగాయలమ్మే ఆవిడ పొద్దస్తమానం ఈగలు తోలుకోవాలి. మంగళవారమంటే మంగళవారమే అని కట్టుబాటు పెట్టుకున్నారు కనుక అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఒకచోట పడ్డారు. ముసలి ఆటల్ని పట్టుకుని వేళ్లాడుతున్న అభిమాన సంఘాలు దేశదేశాల్లో చేసే పని కూడా అదే. ఫలానా శనివారం, ఫలానా సర్వర్, ఫలానా వేళ అని చాటింపు వేసుకుంటారు. ఖండాల మధ్య పగలూ రాత్రీ తేడా ఉంటుంది కాబట్టి కొందరు రెండు వేళలు పెట్టుకుంటారు. అంతేగాని వారం పొడుగునా తలుపులు తీసి కూర్చోరు.

జనం ఉన్నా ఒకరికొకరు దొరకని చిక్కు ఇంకొకటుంది. 1999 మార్చిలో వచ్చిన 'ఎవర్‌క్వెస్ట్' అనే ఆట ఇప్పటికీ నడుస్తోంది. అటువంటి ఆటల్లో మెట్టు మెట్టుగా పైకి ఎక్కాలి. ఏళ్లు గడిచేకొద్దీ పాతకాపులందరూ పై మెట్ల మీద చేరిపోతారు. ఇవాళ కొత్తగా చేరిన పిల్లవాడు అడుగు మెట్టు మీద, ఒకప్పుడు కిక్కిరిసిన ఊళ్లలో ఒంటరిగా తిరుగుతాడు. ఆటలో వేలమంది ఉన్నా వాడికి పట్టుమని పదిమంది కనపడరు. రెండో రోజుకే మానేస్తాడు. దీనికి ఎవర్‌క్వెస్ట్ వాళ్లు కనిపెట్టిన ఉపాయం నాకు ఎంతో నచ్చింది. అప్పుడప్పుడు ఒక కొత్త సర్వర్ తెరిచి, అందులో ఆటను మొదటి సంవత్సరంలో ఉన్నట్టుగా పెడతారు. తర్వాత వచ్చిన ప్రాంతాలన్నీ మూసి ఉంచి, కాలం గడిచేకొద్దీ ఒక్కొక్కటీ తెరుస్తారు. పాతకాపైనా కొత్తవాడైనా అక్కడ మొదటి మెట్టు నుంచే ఎక్కాలి. దాంతో జనమంతా ఒకే మెట్టు మీద కలుస్తారు. 2006 నుంచి ఇలా చేస్తున్నారు. 2019 ఆగస్టులో 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' ఆటవాళ్లు తమ పాత రూపాన్ని తిరిగి తెచ్చినప్పుడు కూడా అందరూ మొదటి మెట్టు నుంచే బయలుదేరారు. జనం ఎంతగా ఎగబడ్డారంటే లోపలికి వెళ్లడానికే గంటల తరబడి వరసలో ఉండాల్సి వచ్చింది.

ఇక ఒక ఆట కథ నిదానంగా చెబుతాను. దాని పేరు 'రూన్‌స్కేప్'. ఇంగ్లండులో ఆండ్రూ గోవర్ అనే కుర్రాడు సోదరులతో కలిసి కట్టి, 2001 జనవరి 4న జనం ముందు పెట్టాడు. జావా భాషలో రాయడం వల్ల మామూలు ఇంటర్నెట్ బ్రౌజర్‌లోనే నడిచేది. ఖరీదైన కంప్యూటర్ అక్కర్లేదు. బడిలోనో లైబ్రరీలోనో ఉన్న పాత యంత్రం చాలు. చెట్లు కొట్టడం, చేపలు పట్టడం, ఇనుము కాచి కత్తులు చేయడం, అవి ఇంకొకరికి అమ్మడం. ఇవే పనులు. పనిచేస్తూ పక్కవాడితో కబుర్లు. కేంబ్రిడ్జ్ నగరంలోని జాగెక్స్ కంపెనీ దీన్ని నడిపింది.

ఆటలోని బంగారాన్ని బయట నిజం డబ్బుకు అమ్ముకునేవాళ్లు బయలుదేరారు. వాళ్లలో కొందరు దొంగిలించిన క్రెడిట్ కార్డులు కూడా వాడేవాళ్లు. దాన్ని అణచడానికి కంపెనీ 2007 డిసెంబరులో పెద్ద కత్తెర వేసింది. ఒకరికొకరు ఇష్టమొచ్చినట్టు వస్తువులు ఇచ్చిపుచ్చుకోవడానికి వీల్లేదంది. ఆటగాళ్లు ఒకరినొకరు కొట్టుకుని దోచుకునే అడవి ప్రాంతంలో కొట్లాటలు ఎత్తేసింది. రోగం కుదిరింది కానీ దాంతోపాటు ప్రాణం కూడా సగం పోయింది. స్నేహితుడికి ఓ మంచి కత్తి కానుకగా ఇవ్వలేని లోకంలో ఎవరుంటారు? నాలుగో సంవత్సరంలో, పది లక్షలకు పైగా ఓట్లు పడ్డాక, 2011 ఫిబ్రవరిలో ఆ రెండింటినీ తిరిగి తెచ్చారు.

ఆ తర్వాత ఇంకో పెద్ద మార్పు. 2012 నవంబరు 20న యుద్ధం చేసే పద్ధతినే అమాంతం మార్చేశారు. కొత్త ఆటల పక్కన పాతబడి కనిపిస్తోందన్న భయం. కంపెనీ ఉద్దేశం మంచిదే. పదేళ్లుగా చేతులకు అలవాటైన ఆట రాత్రికి రాత్రి కొత్తదైపోయేసరికి పాతవాళ్లు లబోదిబోమన్నారు, చాలామంది వెళ్లిపోయారు.

అప్పుడు కంపెనీ అటకలో ఒక నిధి దొరికింది. 2007 ఆగస్టు నాటి ఆట కోడ్ బ్యాకప్, అంటే కత్తెర పడకముందు ఆట ఎలా ఉండేదో దాని పూర్తి నకలు. ఆన్‌లైన్ ఆటలో ఇలాంటిది దొరకడం ఎంత అరుదో మీకు తెలియాలి. పుస్తకం రెండో ముద్రణ వచ్చినా మొదటి ముద్రణ ఎక్కడో ఒక బీరువాలో ఉంటుంది. సర్వర్ మీది ఆటను మారిస్తే పాతదాని మీదే కొత్తది రాస్తారు. ఎవరో ఒకరు పనిగట్టుకుని దాచకపోతే నిన్నటి ఆట ఇవాళ ప్రపంచంలో ఎక్కడా ఉండదు. 2013 ఫిబ్రవరిలో కంపెనీ ఆటగాళ్లనే అడిగింది. పాత ఆట కావాలా? ఎంత ఎక్కువమంది కావాలంటే అంత పెద్ద జట్టును దానికి కేటాయిస్తామంది. 4 లక్షల 49 వేల పైచిలుకు ఓట్లు పడ్డాయి. ఫిబ్రవరి 22న 'ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్' తలుపులు తెరిచారు. పాత సంచులు, పాత బంగారం ఏమీ లేవు. అందరూ వట్టి చేతులతో మొదటి ఊరిలో దిగారు.

ఆ ఆట లోపలి గడియారం గురించి చెప్పాలి, అది నాకు మహా ముచ్చటైన విషయం. ఇప్పటి తుపాకీ ఆటల సర్వర్లు సెకనుకు ముప్పై, అరవై సార్లు లోకాన్ని లెక్కగడతాయి. రూన్‌స్కేప్ సర్వర్ 0.6 సెకనుకు ఒక్కసారి గడుతుంది. నిమిషానికి వంద. ఆ దెబ్బను టిక్ అంటారు. మీరు ఏం నొక్కినా అది తర్వాతి టిక్ దాకా ఆగుతుంది. అందరి కోరికలూ పోగుచేసి ఒక్కసారిగా తేలుస్తుంది. 2001 నాటి బలహీనమైన యంత్రాలకూ, నత్తనడక ఇంటర్నెట్‌కూ తగ్గట్టుగా చేసిన ఏర్పాటు అది.

ఇప్పుడు ఇంకో లెక్క. హైదరాబాదు నుంచి లండనుకు ఆకాశమార్గాన సుమారు 7,700 కిలోమీటర్లు. గాజుతీగలో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. తీగ తిన్నగా వేసినా కబురు పోయి రావడానికి సెకనులో పదమూడో వంతు పడుతుంది. తీగలు వంకర్లు తిరుగుతాయి, నడుమ ఎన్నో యంత్రాలు దాటాలి కాబట్టి నిజానికి అంతకు రెండింతలో ఇంకాస్తో అవుతుంది. తుపాకీ ఆటలో ఆ మాత్రం ఆలస్యం చాలు, మీరు గురిపెట్టేలోపు అవతలివాడు పేల్చేస్తాడు. 0.6 సెకన్ల టిక్ ఉన్న ఆటలో మాత్రం మీ కబురు చాలావరకు వేళకే చేరుతుంది. పక్కవీధిలో ఉన్నవాడికీ సముద్రాల ఆవలివాడికీ ఇంచుమించు ఒకటే న్యాయం. 2018 అక్టోబరు 30న ఇదే ఆట ఫోన్లలోకి వచ్చింది. కంప్యూటర్ మీద ఆడేవాళ్లూ ఫోన్ మీద ఆడేవాళ్లూ అదే లోకంలో, అవే సర్వర్లలో కలిశారు. అప్పటి బీదరికం కోసం పెట్టిన గడియారం పదిహేడేళ్ల తర్వాత బస్సులో కూర్చున్నవాడి సిగ్నల్‌ను కూడా భరించింది. ఫోన్‌వాళ్లకు వేరే లోకం కట్టి ఉంటే జనం రెండుగా చీలిపోయేవాళ్లు. అప్పుడేమవుతుందో మీరు కాగితం మీద లెక్క వేశారు కదా.

ఆటగాళ్లు ఆ టిక్‌తో ఏం చేశారో చూడండి. ఆటలో 'ప్రేయర్' అని ఒక రక్షణ ఉంది. అది వెలిగించి ఉంచితే శత్రువు దెబ్బ తగలదు, కానీ దాని నిల్వ తరిగిపోతుంటుంది. కొందరు నిశితంగా గమనించారు. తరుగుదలను సర్వర్ టిక్ లెక్కనే చూస్తుంది. అయితే ప్రతి టిక్‌లోనూ తాళం వేసినట్టు ఆర్పి వెలిగిస్తే? రక్షణ ఉంటుంది, నిల్వ తరగదు! మృదంగం వాయించేవాడి వేళ్లలా లయ తప్పకుండా నొక్కుతూ ఉండాలి. ఇది ఎవరూ కావాలని పెట్టింది కాదు, లెక్కగట్టే పద్ధతిలోని సందులోంచి పుట్టింది. కంపెనీ దాన్ని మూసేయొచ్చు. మూయలేదు. ఆటగాళ్లు కష్టపడి నేర్చిన విద్యగా దాన్ని గుర్తించి వదిలేసింది. పాత ఆటను సంబాళించేవాళ్లకు ఈ ఓర్పు చాలా అవసరం. ఏళ్ల తరబడి జనం అలవాటుపడిన లోపం లోపంగా మిగలదు, ఆటలో ఒక భాగమైపోతుంది.

ఆటలోకి అందరూ ఒకే పని మీద రారన్న సంగతి కూడా చూడాలి. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి, ఆ తర్వాత రిచర్డ్ బార్టిల్ కలిసి 'మడ్' అని ఒక ఆట రాశారు. బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. పదిమంది ఒకే లోకంలో తిరిగే ఆటలకు అదే మూలపురుషుడు. ఏళ్ల తరబడి ఆటగాళ్లను గమనించిన బార్టిల్ 1996లో ఒక వ్యాసం రాశాడు. అందులో వాళ్లను నాలుగు రకాలుగా విడదీసి పేకముక్కల పేర్లు పెట్టాడు. నిధులూ పాయింట్లూ పోగుచేసేవాళ్లు డైమన్లు. లోకాన్ని తవ్వి మూలమూలలూ చూసేవాళ్లు ఇస్పేట్లు. కబుర్ల కోసం వచ్చేవాళ్లు ఆఠీన్లు. ఇతరుల్ని వేటాడటమే సరదాగా పెట్టుకున్నవాళ్లు కళావర్లు. ఆ వ్యాసంలో అసలు విలువైనది, ఒక రకం పెరిగితే ఇంకో రకం ఏమవుతుందన్న లెక్క. వేటగాళ్లు పెరిగితే కబుర్లవాళ్లు ముందుగా పారిపోతారు, తర్వాత నిధులవాళ్లు. చివరికి వేటాడటానికి ఎవరూ లేక వేటగాళ్లు కూడా పోతారు. కబుర్లవాళ్లు మాత్రం ఎంతమంది ఉంటే అంతమందిని ఇంకా తెస్తారు. ముసలి ఆటల్లో చివరిదాకా దీపం పట్టుకుని ఉండేది ఎక్కువగా ఆఠీన్లూ ఇస్పేట్లేనని నా నమ్మకం. ఒకరు వచ్చినవాడిని పలకరిస్తారు. ఇంకొకరు ఎక్కడేముందో రాసిపెడతారు. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌కు ఆటగాళ్లు రాసి పెట్టిన వికీ ఎంత పెద్దదంటే, ఆటలోనే దానికి ఒక మీట ఉంది.

ఇక నాణేల సంగతి. ఈ లోకాల్లో ప్రతి రాక్షసుడూ చచ్చి నాణేలు రాలుస్తాడు. ఆ నాణేలు ఎవరి దగ్గరనుంచీ రాలేదు, శూన్యంలోంచి పుట్టాయి. రోజూ పుడుతూనే ఉంటాయి. పోయే దారి లేకపోతే ఏళ్లు గడిచేకొద్దీ ధరలు ఆకాశానికి అంటుతాయి. పాతవాళ్ల దగ్గర కోట్లు ఉంటాయి, కొత్తవాడు మాత్రం మంచి కత్తి చూసి నిట్టూర్చి వెళ్లిపోతాడు. అంచేత 2021 డిసెంబరులో ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అంగడిలో జరిగే అమ్మకాల మీద ఒక శాతం పన్ను పెట్టారు. వసూలైన నాణేల్లో కొంత భాగంతో ఖరీదైన వస్తువులు కొని లోకంలోంచి తీసేస్తారు. నాణేలూ తగ్గాయి, కుప్పలు పడి చవకబారిన వస్తువులకూ విలువ నిలబడింది. కేంద్ర బ్యాంకు చేసే పని లాంటిదే ఇది, కాకపోతే ఈ ఆటలో పెద్ద మార్పులను ఆటగాళ్ల ఓటుకు పెట్టే ఆచారం ఉంది.

ఆ ఓటు గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను. ఓల్డ్ స్కూల్‌లో ఆటకు చేర్చే కొత్త ప్రాంతాలూ పెద్ద మార్పులూ ఓటుకు పెడతారు. నెగ్గాలంటే సగం కంటే ఒకటి ఎక్కువైతే చాలదు, మొదట్లో నూటికి 75 రావాల్సి ఉండేది. తర్వాత దాన్ని 70కి తగ్గించారు. 2019లో 'వార్డింగ్' అని ఒక కొత్త విద్య పెడదామనుకున్నారు. బొమ్మలు గీశారు, నమూనాలు చూపించారు. మూడింట రెండొంతుల మంది ఔనన్నారు. మన ఎన్నికల్లో అయితే అఖండ విజయం! వాళ్లు మాత్రం ఓడిపోయినట్టు లెక్కగట్టి దాన్ని పక్కనపెట్టేశారు. మళ్లీ ఏళ్ల తర్వాత ఓట్లు గెలుచుకుని, 2025 నవంబరులో పడవ ప్రయాణం కొత్త విద్యగా ఆటలోకి వచ్చింది.

అంత కఠినమైన గీత ఎందుకని మీరు అడగాలి. పైన వేసిన లెక్కలోనే జవాబుంది. నూటికి 51 మందికి నచ్చిన మార్పు తెచ్చి, నచ్చని 49 మందీ విసిగి వెళ్లిపోతే మిగిలే జతలు 1,275. అంటే గెలిచినవాళ్లకు కూడా ఆటలో మనుషులు కరువవుతారు. దేశంలో ఓడిపోయినవాడు దేశం వదిలి పోడు. ఆటలో ఓడిపోయినవాడు ఒక్క మీట నొక్కి వెళ్లిపోతాడు. అందుకని పాత ఆటలో ఎక్కువమంది మాట నెగ్గడం కంటే ఎవరూ చెయ్యి విడవకుండా చూసుకోవడం ముఖ్యం. 2012లో ఓటుకు పెట్టకుండా మార్చి చేతులు కాల్చుకున్న కంపెనీ నేర్చిన పాఠం అది.

నేర్చినా ఒకసారి తడబడింది. ఒక అభిమాని రెండేళ్లపాటు ఖాళీ సమయమంతా ధారపోసి, ఆ ఆట బొమ్మలను కొత్త వెలుగునీడలతో చూపించే ప్రోగ్రాం ఉచితంగా తయారుచేశాడు. అది 2021 సెప్టెంబరులో విడుదలకు సిద్ధమైంది. మేమే అలాంటిది చేసే ఆలోచనలో ఉన్నాం, నువ్వు ఆపేయమంది కంపెనీ. జనం భగ్గుమన్నారు. ఆట లోపలే వందలమంది గుమిగూడి నిరసన చేశారు. కొద్ది రోజుల్లోనే కంపెనీ మాట మార్చుకుని అనుమతించింది, అతని పని బయటికి వచ్చింది. ఇరవై ఏళ్ల ఆట మీద ఒక మనిషి జీతంలేకుండా రెండేళ్లు పనిచేశాడంటే ఆ ఆటకు అంతకంటే గొప్ప ఆస్తి ఏముంటుంది!

ఇంతకీ ఫలితం? 2013లో పాతజ్ఞాపకాల కోసం కొన్నాళ్లు నడుస్తుందిలే అనుకున్న ఆటలో, 2025 నాటికి ఒకేసారి లోపలున్నవాళ్ల సంఖ్య 2 లక్షలు దాటింది. తనకంటే కొత్త రూపాన్ని అది ఎప్పుడో మించిపోయింది.

అదే కంపెనీకి ఇంకా పాత బిడ్డ ఒకటుండేది. 2001 నాటి మొదటి రూపం, 'రూన్‌స్కేప్ క్లాసిక్'. దాన్ని 2018 ఆగస్టు 6న మూసేశారు. లోపాలు పెరిగిపోయాయి, మనుషుల బదులు ఆడే బాట్లు నిండిపోయాయి, బాగుచేద్దామంటే ఇప్పటి పనిముట్లు ఆ పాత కోడ్‌కు అతకడంలేదు. మూసేస్తారని తెలిశాక అభిమానులు చేసిన పని శాస్త్రజ్ఞులు చేయదగ్గది. సర్వర్ లోపల ఏముందో వాళ్లకు కనపడదు. కానీ సర్వర్‌కీ తమ క్లయింట్‌కీ నడుమ నడిచే సంభాషణ తమ ఇంటికే వస్తుంది కదా! ఆ సంభాషణను పొల్లుపోకుండా రికార్డు చేయడం మొదలుపెట్టారు. ఒక్కొక్కరూ ఒక్కో మూలకు వెళ్లి ప్రతి మనిషితోనూ మాట్లాడి, ప్రతి పనీ చేసి, జవాబుగా వచ్చినదంతా దాచారు. దాన్నిబట్టి సర్వర్ ఎలా ఆలోచించేదో వెనక్కి ఊహించుకోవచ్చు.

అలా ఊహించి కట్టాల్సిన అవసరం లేకుండా, నేరుగా సర్వర్ కోడ్ చేతికి అందితే ఏమవుతుందో 'సిటీ ఆఫ్ హీరోస్' చూపించింది. 2004లో వచ్చిన ఆ ఆటను ఎన్‌సీసాఫ్ట్ అనే కొరియా కంపెనీ 2012 నవంబరు 30న మూసేసింది. మూయకముందు ఆటగాళ్లు ఆటలోని అట్లాస్ పార్కులో కాగడాలు పట్టుకుని నిలబడి వద్దని వేడుకున్నారు. ఫలించలేదు. 2019లో తెలిసిందేమిటంటే, కొంతమంది రహస్యంగా ఆ సర్వర్‌ను నడుపుకుంటున్నారు. విషయం పొక్కి కోడ్ అందరికీ దక్కింది, 'హోమ్‌కమింగ్' అనే పేరుతో అభిమానులే ఆటను మళ్లీ తెరిచారు. కంపెనీ కోర్టుకెక్కి మూయించొచ్చు. అలా చేయకుండా 2024 జనవరిలో వాళ్లకు లైసెన్సు ఇచ్చింది. పదకొండేళ్ల ముందు మూసేసిన చేత్తోనే తాళంచెవి ఇచ్చిన ఆ కంపెనీని మెచ్చుకోవాలి.

కొన్ని ఆటలకు ఈ తిప్పలేవీ లేవు. 1996లో వచ్చిన 'క్వేక్' సర్వర్‌ను ఎవరైనా తమ ఇంటి కంప్యూటర్‌లో పెట్టుకోవచ్చు. 1999 డిసెంబరులో దాని సోర్స్ కోడ్‌ను కూడా కంపెనీ అందరికీ వదిలేసింది. ఇప్పటికీ ఆడుతున్నారు. ఇరవై ఏళ్ల కిందట హైదరాబాదులో, విజయవాడలో ఇంటర్నెట్ సెంటర్ల నిండా కుర్రాళ్లు కూర్చుని ఆడిన 'కౌంటర్ స్ట్రైక్' కూడా అలాంటిదే. నాలుగు కంప్యూటర్లు ఒక తీగతో కలిపితే చాలు, బయట ఇంటర్నెట్ లేకపోయినా ఆట నడిచేది. అలాంటి ఆటను దూరాన ఉన్న ఏ కంపెనీ ఆపేయలేదు.

మీలో చాలామంది రేపు ఇంజనీరింగ్ చదివి ఆటలు కట్టే కంపెనీల్లో చేరతారు. చేరిన మొదటి నెలలోనే ఒక్క ప్రశ్న అడగండర్రా: "ఈ ఆటను మనం ఆపేసే రోజు వస్తే, సర్వర్‌ను ఆడేవాళ్లకు అప్పగించేలా రాస్తున్నామా?" మొదట్లోనే ఆ ఏర్పాటు పెట్టుకుంటే పెద్ద ఖర్చు కాదు. పదేళ్లయ్యాక కోడ్ నిండా అరువు తెచ్చిన భాగాలూ వాటి లైసెన్సులూ చిక్కుపడ్డాక, పెడదామన్నా కుదరదు. ప్రతి పెద్ద మార్పుకు ముందూ ఒక నకలు తీసి, తేదీ వేసి, రెండు చోట్ల దాచండి. ఇక ఇప్పుడే ఆడే వయసులో ఉన్నవాళ్లు, మీకిష్టమైన పాత ఆట ఏదైనా పలచబడుతోందనిపిస్తే కంపెనీ కోసం ఎదురుచూడకండి. ఓ వారం, ఓ వేళ చెప్పి మీ నలుగురు స్నేహితులను పిలవండి. అక్కడ కొత్తవాడెవడైనా కనిపిస్తే ముందు మీరే పలకరించండి.